రిస్క్ ఓఎస్ కోరికల చిట్టా: ముందు ఏది, తరవాత ఏది

రిస్క్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టం ఉన్న మెమరీ కార్డును రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో పెట్టి స్విచ్ వేస్తే, కాసేపట్లోనే తెర మీద డెస్క్‌టాప్ ప్రత్యక్షమవుతుంది. అదే కార్డు తీసి పై 5 బోర్డులో పెడితే ఏమీ రాదు. కార్డు చెడలేదు, బోర్డూ చెడలేదు. పై 5 మరింత కొత్తది, మరింత వేగమైనది. దానిలోని ప్రాసెసర్‌ది కూడా అదే ఆర్మ్ వంశం. విడ్డూరం ఏమిటంటే, ఆర్మ్ ప్రాసెసర్‌ను పుట్టించిన కంపెనీయే ఆ ప్రాసెసర్ కోసం రాయించుకున్న ఆపరేటింగ్ సిస్టం ఇది. పుట్టింటి గడపే దాటలేని స్థితికి వచ్చింది.

దీన్ని ఇప్పటికీ వాడుతున్నవాళ్లు ఏళ్ల తరబడి పెంచుకుంటూ వస్తున్న కోరికల చిట్టా ఒకటుంది. నేటి వెబ్‌సైట్లు తెరుచుకునే బ్రౌజర్ కావాలి. ప్రాసెసర్‌లో నాలుగు కోర్లుంటే, అంటే లెక్కలు చేసే విభాగాలు నాలుగుంటే, నాలుగూ పనిచేయాలి. ఒక ప్రోగ్రాం మొరాయిస్తే మిగతావి ఆగకూడదు. పెద్ద డిస్కులు, పెద్ద ఫైళ్లు పట్టాలి. ప్రపంచ లిపులన్నీ కనిపించాలి. విడివిడిగా చూస్తే వీటిలో అన్యాయమైనది ఒక్కటీ లేదు. అయితే చిట్టా అడుగున, ఎవరూ ప్రత్యేకంగా రాయని షరతు ఒకటుంది: పాత ప్రోగ్రాములేవీ చెడకూడదు. పై కోరికల్లో సగం ఆ షరతుతో తగువు పెట్టుకునేవే. అందుకే ఈ చిట్టాను ఓట్లు లెక్కపెట్టినట్టు చదివితే లాభం లేదు. ఏ కోరిక దేన్ని పడగొడుతుందో చూసుకుంటూ చదవాలి.

కేంబ్రిడ్జిలో 1978లో మొదలైన ఏకార్న్ కంప్యూటర్స్‌కు బీబీసీ మైక్రో అనే బడి కంప్యూటర్‌తో పేరొచ్చింది. ఆ తర్వాతి యంత్రానికి తగిన ప్రాసెసర్ బజారులో దొరకక, ఆ సంస్థ సొంతంగానే తయారుచేసుకుంది. సోఫీ విల్సన్ ఆదేశాల పట్టికను, స్టీవ్ ఫర్బర్ చిప్ నిర్మాణాన్ని తీర్చిదిద్దారు. మొదటి ఆర్మ్ చిప్ 1985 ఏప్రిల్‌లో పనిచేసింది. 1987లో ఆర్కిమిడీస్ కంప్యూటర్, దానితో పాటు ఆర్థర్ అనే తొలి ఆపరేటింగ్ సిస్టం వచ్చాయి. దాన్ని బాగుచేసి 1989లో అమ్మకానికి తెచ్చిందే రిస్క్ ఓఎస్ 2. అది మొత్తం 512 కిలోబైట్ల రోమ్‌లో, అంటే యంత్రంలోనే శాశ్వతంగా రాసి ఉంచిన చిప్పుల్లో, పట్టేది. అంటే డిస్కు లేకున్నా యంత్రం లేచి కూర్చునేది. 1990లో ఆర్మ్ వేరు కాపురం పెట్టి, ఇప్పుడు దాదాపు ప్రతి సెల్‌ఫోనులోనూ ఉంది. ఏకార్న్ మాత్రం 1990ల చివరికి ముక్కలైపోయింది.

ఈ సిస్టంను వదలలేనివాళ్లు ఎందుకు వదలలేకపోతున్నారో అర్థం కావాలంటే ఒక ఫైలును భద్రపరిచే తీరు చూస్తే చాలు. మిగతా చోట్ల 'సేవ్' అనగానే ఒక పెద్ద పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఫోల్డర్లను మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఇక్కడ వచ్చేది అగ్గిపెట్టెంత చిన్న విండో. దానిలో ఫైలు ఐకాన్ ఒకటి, పేరు రాసే గడి ఒకటి. ఆ ఐకాన్‌ను పట్టుకుని, అప్పటికే తెరిచి ఉన్న ఫోల్డర్‌లోకి లాగి వదిలితే ఫైలు అక్కడ చేరుతుంది. ఫోల్డర్‌లో కాకుండా మరో ప్రోగ్రాం విండోలో వదిలితే, డిస్కు ఊసే లేకుండా సరుకు నేరుగా ఆ ప్రోగ్రాంలోకి వెళ్లిపోతుంది. బొమ్మ గీసే ప్రోగ్రాం నుంచి పుస్తకం కూర్చే ప్రోగ్రాంలోకి బొమ్మను అలా లాగేయడం 1980ల చివరే ఇక్కడ మామూలు విషయం.

మౌసుకు మూడు మీటలు. ఎడమది ఎంచుకోవడానికి, మధ్యది మెనూకు, కుడిది 'అడ్జస్ట్'. ఈ మూడోదానిలోనే చమత్కారమంతా ఉంది. ఫోల్డర్‌ను దానితో తెరిస్తే, వెనకాల ఉన్న పాత విండో దానంతటదే మూసుకుంటుంది. విండోను దానితో మూస్తే ఒక మెట్టు పైనున్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. మెనూలో ఒక అంశాన్ని దానితో ఎంచుకుంటే మెనూ మాయం కాకుండా అక్కడే ఉంటుంది, రెండోది కూడా ఎంచుకోవచ్చు. అలవాటైన చేతికి ఇది లేని కంప్యూటర్ ఒక వేలు తక్కువైనట్టే ఉంటుంది. ప్రోగ్రాం అంటే ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే పేరున్న ఒక ఫోల్డర్, అంతే. దాన్ని ఎక్కడికి లాగితే అక్కడ ఉంటుంది, తుడిచేస్తే పోతుంది. స్థాపించడం, తొలగించడం అనే తతంగం చాలా ప్రోగ్రాములకు అసలు ఉండదు.

ఇదంతా మురిపెం కోసం చెప్పడం లేదు. కోరికల చిట్టాలోని ప్రతి అంశానికీ ఈ పద్ధతులతో పీటముడి ఉంది.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే కోరికనే చూద్దాం: ప్రోగ్రాముల మధ్య ప్రాసెసర్‌ను పంచే బాధ్యత సిస్టం తీసుకోవాలి. ఇప్పుడు ఆ బాధ్యత ప్రోగ్రాముల మర్యాదకే వదిలేశారు. ప్రతి ప్రోగ్రాం తన పని కాస్త చేసుకుని, విండోల వ్యవస్థకు 'ఇక నా వంతు అయింది' అని తానే చెప్పాలి. చెప్తే పక్క ప్రోగ్రాంకు వంతు వస్తుంది. చెప్పకపోతే మౌసు గుర్తు ఇసుక గడియారంగా మారి తెరంతా ఆగిపోతుంది. సభలో మైకు అందుకున్న వక్త దయతలచి దించితే తప్ప రెండోవాడికి మాట్లాడే యోగం లేనట్టు. అధ్యక్షుడు మైకు లాక్కునే ఏర్పాటు విండోస్‌లో 1990ల మధ్యకే వచ్చింది. మాకింటాష్‌లో 2001లో వచ్చింది. ఇక్కడ ఇంకా రాలేదు.

మరి తేవచ్చు కదా? మైకు లాక్కోవడం కష్టం కాదు. లాక్కున్నాక ఏమవుతుందన్నదే కష్టం. 'నేను వదిలేదాకా ఎవరూ ఏదీ కదిలించరు' అన్న నమ్మకం మీదే ఈ ప్రోగ్రాములన్నీ రాశారు. ఒక ప్రోగ్రాం తెర మీద గీస్తూ ఉండగా సగంలో ఆపి ఇంకొకదానికి వంతు ఇస్తే, రంగు, అక్షరశైలి, గీసే చోటు లాంటి ఉమ్మడి అమరికలు మారిపోతాయి. మొదటిది తిరిగి వచ్చేసరికి దాని చేతిలోని కలం ఇంకొకరి సిరాలో మునిగి ఉంటుంది. ప్రోగ్రాములే కాదు, సిస్టం కూర్పులోని విడి భాగాలైన మాడ్యూళ్లు కూడా అంతే. ఒక పని మధ్యలో ఉండగా అదే పనికి ఇంకో పిలుపు వస్తే తట్టుకునేలా వాటిలో చాలావాటిని రాయలేదు. ఆదేశాల వరసతో నడిచే ప్రోగ్రాములకు టాస్క్ విండో అనే ఏర్పాటు ఉంది. అందులో నడిచేవాటి నుంచి వంతును బలవంతంగానే లాక్కుంటారు. అంటే ఉపాయం తెలియక కాదు. విండోలున్న ప్రోగ్రాములకు దాన్ని వర్తింపజేస్తే ముప్పయ్యేళ్ల సాఫ్ట్‌వేర్ ఏ క్షణాన ఏమవుతుందో ఎవరూ పూచీ ఇవ్వలేరు.

నాలుగు కోర్ల కోరికకు సమాధానం కూడా ఇక్కడే దొరుకుతుంది. 2015లో వచ్చిన పై 2 నుంచి ప్రతి ప్రధాన బోర్డులోనూ నాలుగు కోర్లున్నాయి. రిస్క్ ఓఎస్ ఒకదానితోనే కాపురం చేస్తుంది, మిగతా మూడు ఖాళీగా కూర్చుంటాయి. వంతులవారీ పద్ధతిలో ఒక వేళకు ఒక ప్రోగ్రామే నడవాలి కాబట్టి రెండో కోర్‌కు అప్పజెప్పడానికి పనే లేదు. మైకు ఒక్కటే అయినప్పుడు వేదిక మీద నాలుగు కుర్చీలు వేసి లాభమేముంది?

మెమరీ రక్షణ గురించి మాత్రం ఒక అపోహ ఉంది. అది అసలే లేదని చాలామంది అనుకుంటారు. నిజానికి సగం ఉంది. ప్రతి ప్రోగ్రాం తనకిచ్చిన చోటు 32 కిలోబైట్ల గుర్తు దగ్గర మొదలవుతుందనే అనుకుంటుంది. ఒకటి నడుస్తున్నప్పుడు మిగతావాటి మెమరీ దానికి కనపడకుండా పక్కకు తప్పిస్తారు. అందువల్ల పక్క ప్రోగ్రాంను పాడుచేయడం అంత తేలిక కాదు. లేనిది రెండో సగం. మాడ్యూళ్లు ఉండే ఉమ్మడి స్థలంలో ఏ ప్రోగ్రామైనా రాయగలదు. మాడ్యూళ్లేమో ప్రాసెసర్ ఇచ్చే పూర్తి అధికారంతో నడుస్తాయి. ఇంటిలోపలి గదులకు తాళాలు వేసి వీధి తలుపు తీసిపెట్టినట్టు. దీన్ని కొంత కొంతగా బిగించవచ్చు. ఏ ప్రోగ్రాం ఎక్కడ అతిక్రమిస్తోందో తెలుసుకుంటూ పోతే, మొత్తం కట్టడాన్ని కూల్చకుండా తీర్చగలిగిన కోరికల్లో ఇది ఒకటి. చిట్టాలో దీనికి ఇంకా పై స్థానం దక్కాల్సింది.

డిస్కుల సంగతి లెక్కతోనే తేలిపోతుంది. ఈ సిస్టం సొంత ఫైళ్ల వ్యవస్థ డిస్కులోని చోటును చెప్పడానికి 32 బిట్లు వాడుతుంది. అందులో 3 బిట్లు ఏ డ్రైవో చెప్పడానికి పోతే, సెక్టార్ (డిస్కును విభజించిన చిన్న గడి) సంఖ్యకు మిగిలేవి 29. సెక్టార్‌కు 512 బైట్ల చొప్పున లెక్కవేస్తే 256 గిగాబైట్లు. అంతకు మించిన డిస్కును పూర్తిగా వాడాలంటే సెక్టార్ పెద్దది కావాలి. ఫైలులో ఎక్కడున్నామో చెప్పే సంఖ్య కూడా 32 బిట్లదే కాబట్టి 4 గిగాబైట్లు దాటిన ఫైలు పట్టదు. సెల్‌ఫోనుతో తీసిన పొడవాటి వీడియోకు కూడా ఇక్కడ చోటు చాలకపోవచ్చు.

పొదుపు ఎప్పుడూ నష్టమే తెచ్చిందని కాదు. ఇదే వ్యవస్థలో ప్రతి ఫైలుకూ 64 బిట్ల గుర్తింపు ఉంటుంది. మొదట ఇవి ఫైలును మెమరీలో ఎక్కడ దించాలో, ఎక్కడి నుంచి నడపాలో చెప్పే రెండు సంఖ్యలు. తర్వాత ఆ జాగాలోనే 12 బిట్ల ఆనవాలు, 12 బిట్ల ఫైలు రకం, 40 బిట్ల కాలం సర్దేశారు. కాలాన్ని 1900 జనవరి 1 నుంచి సెకనులో నూరోవంతుల్లో లెక్కపెడతారు. యూనిక్స్ వంశంలోని పాత 32 బిట్ల గడియారాలు 2038లో నిండిపోతాయి. ఇది 2248 దాకా నడుస్తుంది. ఇరుకింట్లో సర్దుకున్నవాళ్ల తెలివి అప్పుడప్పుడూ బంగళా కట్టినవాళ్లకు ఉండదు.

బ్రౌజర్ కోరికను త్వరగా దాటిపోవచ్చు, ఎందుకంటే అది నిజానికి ఆపరేటింగ్ సిస్టం కోరిక కాదు. 2002లో రిస్క్ ఓఎస్ మీదే మొదలైన నెట్‌సర్ఫ్ బ్రౌజర్ చిన్నది, చురుకైనది. అయితే జావాస్క్రిప్ట్ బరువుతో వచ్చే నేటి పేజీలు దాని చేతికి చిక్కవు. వెబ్‌కిట్ ఇంజిన్‌తో ఐరిస్ అనే బ్రౌజర్ తెచ్చే ప్రయత్నమూ జరిగింది. అంత పెద్ద ఇంజిన్‌ను ఒక్క కోర్ మీద, వంతులవారీ పద్ధతిలో నడపడమంటే ఎడ్లబండికి లారీ ఇంజిన్ బిగించడమే. బండి కదలవచ్చు కానీ ఇరుసు ఓర్చుకోవాలి. వెబ్ ఎటూ ఆగదు. ఎంత పరుగెత్తినా నిరుటి వెబ్‌నే అందుకోగలరు. ఉన్న కొద్దిపాటి శక్తిని ముందుగా ఇటు పెట్టడం తప్పని ఈ వ్యాసం అభిప్రాయం. బ్యాంకు పనికి పక్కన ఇంకో యంత్రం ఎటూ ఉంటుంది.

వైఫై కథ వేరు. పై 3 బోర్డులో వైఫై 2016 నుంచే ఉంది. రిస్క్ ఓఎస్‌కు అది 2024 ఏప్రిల్‌లో విడుదలైన 5.30తో వచ్చింది. మధ్యలో ఎనిమిదేళ్లు. ఆ కాలమంతా కొందరు వైఫైను అందుకుని తీగ ద్వారా బోర్డుకు అందించే చిన్న పెట్టెలు కొనుక్కుని గడిపారు. చిట్టాలోని ఒక కోరిక నెరవేరడానికి ఎంత కాలం పడుతుందో అంచనా వేయాలంటే ఈ ఎనిమిదేళ్లే కొలబద్ద. పాత ప్రోగ్రాం ఒక్కటీ చెడని కోరిక, అందరూ ఒప్పుకున్న కోరిక, అయినా ఎనిమిదేళ్లు.

తెలుగు చదివేవారికి నేరుగా తగిలే అంశం లిపి. అక్షరాలను నునుపుగా చూపడంలో ఈ సిస్టం ఒకప్పుడు అందరికంటే ముందుండేది. మిగతా తెరల మీద అక్షరాల అంచులు రంపపు పళ్లలా ఉన్న రోజుల్లో, ఇక్కడ అంచులకు బూడిదరంగు ఛాయలు అద్ది ముద్రణలా కనిపించేలా చేశారు. కానీ ఆ అక్షరాలు ఐరోపావి. ఒక బైటుకు ఒక అక్షరం, అదే లోకం. రిస్క్ ఓఎస్ 5లో ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్‌కు కొంత చోటు ఇచ్చారు, యంత్రం మొత్తాన్నీ ఆ సంకేతాలను బైట్లలో రాసే యూటీఎఫ్-8 పద్ధతికి మార్చుకోవచ్చు. మార్చగానే మొదట దెబ్బతినేది ఏదో కాదు, బ్రిటిష్ పౌండు గుర్తు. పాత పద్ధతిలో అది ఒక్క బైటు. యూటీఎఫ్-8లో రెండు బైట్లు. బైటునే అక్షరంగా లెక్కించే పాత ప్రోగ్రాములు ఒక గుర్తును రెండుగా చూపిస్తాయి. సొంత ఊరి రూపాయే చెల్లనప్పుడు ఊరివాళ్లు ఆ మార్పు ఎందుకు కోరుకుంటారు?

అది దాటినా తెలుగు దాకా రావడానికి ఇంకో మెట్టుంది. 'లక్ష్మి' అనే మాట చూపుకు రెండు అక్షరాలు. యూనికోడ్‌లో ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. చివరి ఆరింటినీ కలిపి, ష వత్తును, మ వత్తును కింద చేర్చి, గుడిని క తల మీదికి ఎక్కించి ఒకే ఆకారంగా కూర్చేవాడు కావాలి. విండోస్‌లో, లినక్స్‌లో, ఫోన్లలో ఆ కూర్పరి తెర వెనక ఉన్నాడు. ఈ డెస్క్‌టాప్ సొంత అక్షర వ్యవస్థలో అతడు లేడు. సంకేతాలు వచ్చిన వరసలో ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే దానికి తెలుసు. లాటిన్‌కు అది చాలు. తెలుగుకు, తమిళానికి, అరబ్బీకి చాలదు. వాడేవాళ్లలో ఎక్కువమంది బ్రిటన్‌లో, మిగతావాళ్లలో చాలామంది ఐరోపాలో ఉన్నారు కాబట్టి ఈ కోరిక చిట్టా అడుగునే మిగిలింది. కోరేవాళ్లు లేని కోరికకు బలం ఉండదు, వసతి లేని చోటికి కొత్తవాళ్లు రారు.

ఇక అసలు విషయం. పై 5 బోర్డులో ఆ కార్డు ఎందుకు లేవలేదు?

దీనికి ముందొక చరిత్ర ఉంది. మొదటి ఆర్మ్ చిప్‌లో 15వ రిజిస్టర్‌కు (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గడికి) రెండు ఉద్యోగాలు. తర్వాత నడవాల్సిన ఆదేశం ఎక్కడుందో చెప్పే చిరునామా అందులోనే ఉండేది, లెక్కల ఫలితాన్ని చెప్పే జెండాలూ అందులోనే ఉండేవి. 32 బిట్లలో జెండాలకూ వాటి తోటి గుర్తులకూ చోటు పోగా చిరునామాకు 26 బిట్ల పరిధి, అంటే 64 మెగాబైట్లు మిగిలింది. ఆ ఏర్పాటుతో ఒక సుఖం ఉండేది. ఉపప్రోగ్రాం నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఒక్క ఆదేశంతోనే దారీ, జెండాలూ రెండూ యథాస్థానానికి వచ్చేవి. ప్రోగ్రాములు రాసేవాళ్లు దానికి బాగా అలవాటు పడ్డారు. తర్వాతి ఆర్మ్‌లు చిరునామాను, జెండాలను వేరుచేసి, కొన్నాళ్లకు పాత పద్ధతిని పూర్తిగా ఎత్తేశాయి. దాంతో ఆ ఒక్క ఆదేశం ఉన్న చోటల్లా పగుళ్లు బయటపడ్డాయి. 2002లో ఇంటెల్ ఎక్స్‌స్కేల్ ప్రాసెసర్‌తో వచ్చిన ఐయోనిక్స్ కంప్యూటర్ కోసం సిస్టంను 32 బిట్లకు మార్చారు. అదే రిస్క్ ఓఎస్ 5. మూలకోడ్ అందుబాటులో లేని పాత ప్రోగ్రాములను నడపడానికి ఏమ్యులర్ అనే అనువాదకుడు అవసరమైంది. ఇదే సమయంలో ఇంకో సంస్థ 26 బిట్ల శాఖనే వేరుగా పెంచుతూ పోయింది. అసలే గుప్పెడు మంది, వాళ్లు కూడా రెండు గుప్పిళ్లయ్యారు.

ఆ మార్పులో ఒక ఊరట ఉండేది. ఆదేశాల భాష మారలేదు. ఇక్కడో అక్కడో వాక్యం దిద్దితే సరిపోయేది. ఇప్పుడు రావాల్సిన 64 బిట్ల మార్పు అలాంటిది కాదు. 2011లో ఆర్మ్ ప్రకటించిన 64 బిట్ల పద్ధతి పేరుకే పాతదాని కొడుకు, మాట్లాడే భాష వేరు. పాత ఆర్మ్‌లో దాదాపు ప్రతి ఆదేశానికీ 'ఫలానా జెండా ఎగిరితేనే చెయ్యి' అని షరతు తగిలించవచ్చు. కొత్తదాంట్లో ఆ వెసులుబాటు కొన్నిటికే. పాతదాంట్లో ఒక్క ఆదేశంతో పదీ పదిహేను రిజిస్టర్లను మెమరీలో దాచవచ్చు. కొత్తదాంట్లో ఒకసారికి రెండే. 15వ రిజిస్టర్‌ను మామూలు రిజిస్టర్‌లా వాడుకునే అలవాటూ చెల్లదు. రిస్క్ ఓఎస్ గుండెకాయ లాంటి కెర్నల్, విండోల వ్యవస్థ, బీబీసీ బేసిక్ భాష, ఇంకా ఎన్నో భాగాలు చేత్తో రాసిన ఆర్మ్ అసెంబ్లీలోనే, అంటే ప్రాసెసర్ ఆదేశాలనే ఒక్కొక్కటిగా రాసే భాషలోనే, ఉన్నాయి. వేగానికీ పొదుపుకీ అప్పట్లో అదే మార్గం. ఇప్పుడు ఆ కోడ్‌ను అనువదించడం కుదరదు, తిరిగి రాయాలి.

పై 4లోని కార్టెక్స్-ఏ72 ప్రాసెసర్ పాత 32 బిట్ల భాషను అన్ని అంతస్తుల్లోనూ మాట్లాడుతుంది, కెర్నల్ ఉండే పై అంతస్తులో కూడా. 2023లో వచ్చిన పై 5లోని కార్టెక్స్-ఏ76 ఆ భాషను కింది అంతస్తులో, అంటే మామూలు ప్రోగ్రాములకు మాత్రమే అనుమతిస్తుంది. కెర్నల్ 64 బిట్లదే అయి ఉండాలి. ఖాళీ తెరకు అదే కారణం. ఆ తర్వాత వచ్చిన కార్టెక్స్-ఎక్స్2, ఏ715 లాంటివి కింది అంతస్తులో కూడా ఆ భాషను తీసేశాయి.

చిట్టాలో 64 బిట్ల మార్పు ఒక వింత కోరికగా ఎందుకు నిలుస్తుందో ఇప్పుడు కనిపిస్తుంది. దానివల్ల తెర మీద కొత్తగా ఏమీ రాదు. విండోలు అవే, మెనూలు అవే, ఇసుక గడియారం అదే. వాడేవాడికి చేతికందే లాభం సున్నా. పైగా పాత ప్రోగ్రాముల్లో చాలావాటికి ముప్పు. మనసారా ఎవరూ కోరుకోని కోరిక ఇది. అయినా మిగతా కోరికలన్నీ దీని నీడలోనే ఉన్నాయి. 32 బిట్ల అసెంబ్లీలో ఈ రోజు ఎంత గొప్పగా బహుళ కోర్ల వ్యవస్థ రాసినా, అది నడిచే చిప్పులు ఏటికేడు తగ్గిపోతున్నాయి.

దారులు లేకపోలేదు, మూడున్నాయి. ఒకటి, లినక్స్ కెర్నల్ మీద రిస్క్ ఓఎస్‌ను ఒక ప్రోగ్రాంలా నడపడం. పై 5 కింది అంతస్తు 32 బిట్ల భాషను ఇంకా ఒప్పుకుంటుంది కాబట్టి ఇది ఈ తరం చిప్పులకు పనికొస్తుంది. వైఫై, యూఎస్‌బీ, గ్రాఫిక్స్ బాధ్యతలు లినక్స్ చూసుకుంటుంది. అసలు సిస్టం అద్దె ఇంట్లో ఉన్నట్టే కదా అని నొచ్చుకునేవాళ్లున్నారు, వాళ్ల బాధ అర్థం కానిది కాదు. రెండోది, పూర్తిగా ఎమ్యులేషన్. ఇప్పటికే విండోస్, లినక్స్, మాక్‌ల మీద ఆర్‌పీసీఎమ్యూ లాంటి ఎమ్యులేటర్లు పాత ఏకార్న్ యంత్రాన్ని అనుకరిస్తున్నాయి. సిస్టం బతుకుతుంది కానీ మ్యూజియం అద్దాల పెట్టెలో. మూడోది, కెర్నల్‌ను సీ లాంటి భాషలో తిరిగి రాసి, పాత ప్రోగ్రాములకు లోపల ఒక అనువాదకుణ్ణి కూర్చోబెట్టడం. ప్రోగ్రాములకూ సిస్టంకూ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ 32 బిట్ల గడుల్లోనే జరుగుతాయి. అన్నిటినీ మెమరీలో మొదటి 4 గిగాబైట్ల లోపలే ఉంచితే, చిరునామాలు ఆ గడుల్లో ఇంకా పడతాయి. ఇల్లు 64 బిట్లదైనా పాత కాపురం ఒక వాటాలో సాగుతుంది. అసెంబ్లీ కలపని బేసిక్ ప్రోగ్రాములకైతే అనువాదకుడి అవసరం కూడా రాదు. భాషను నడిపే యంత్రాంగాన్ని మార్చితే అవి మునుపటిలాగే నడుస్తాయి.

మూడో దారే సరైనదనడంలో సందేహం అక్కరలేదు. కానీ అది అన్నిటికంటే పొడవైన దారి. అందుకే మొదటిది తాత్కాలికంగానైనా ఉండాలి. అద్దె ఇల్లు పరువు తక్కువని రోడ్డున పడలేరు.

చేసేవాళ్లెవరు? 2006లో ఏర్పడిన రిస్క్ ఓఎస్ ఓపెన్ సంస్థ ఈ కోడ్‌కు కాపలాదారు. 2018 అక్టోబర్‌లో హక్కులు చేతులు మారి, మూలకోడ్ ఎవరైనా తీసుకుని మార్చుకోగల అపాచీ 2.0 లైసెన్స్ కిందికి వచ్చింది. ఇది చిన్న అదృష్టం కాదు. ఓఎస్/2 అనే ఇంకో పాత ఆపరేటింగ్ సిస్టం అభిమానుల చిట్టా కూడా ఇంతే పొడుగు, కానీ దాని మూలకోడ్‌ను ఐబీఎం ఎన్నడూ విడుదల చేయలేదు. వాళ్లు పైపైన అతుకులు వేసుకోవాల్సిందే, గోడ పగలగొట్టి చూడలేరు.

పనులకు డబ్బు కూర్చే పద్ధతి ఒకటి ఇక్కడ నడుస్తోంది. ఒక్కో పనికి ఒక్కో హుండీ. ఇష్టమున్నవాళ్లు అందులో వేస్తారు. మొత్తం ఆకర్షణీయంగా అనిపించినప్పుడు ఎవరో ఒక ప్రోగ్రామర్ ముందుకొచ్చి పని పూర్తిచేసి తీసుకుంటారు. బొమ్మలు గీసే ప్రోగ్రాంకు మెరుగులు, పేరు రాసే గడిలో కాపీ–పేస్ట్ లాంటి పనులకు ఇది చక్కగా సరిపోయే పద్ధతి. కెర్నల్ తిరిగి రాయడం అలాంటి పని కాదు. అది కొందరు నిపుణులు కొన్నేళ్లు జీతాల మీద కూర్చుని చేయాల్సింది. ఫలితం చివరి రోజు దాకా కంటికి కనపడదు. కనపడనిదానికి హుండీ నిండదు. రిస్క్ ఓఎస్ ఓపెన్ ఇలాంటి పెద్ద పనులకు మూన్‌షాట్లని పేరుపెట్టి వేరుగా సాయం కోరడం వెనకున్న కారణం ఇదే.

డబ్బు కంటే పెద్ద కొరత చేతులది. 1987లో పదేళ్ల వయసులో బడిలో ఆర్కిమిడీస్ ముందు కూర్చున్న పిల్లవాడికి ఇప్పుడు యాభై దగ్గరపడింది. ఆ కోడ్‌ను రాసిన తరం అంతకంటే పెద్దది. ఆర్మ్ అసెంబ్లీని వచనంలా చదవగలిగినవాళ్లు ఏ ఏటికాయేడు తగ్గుతారే తప్ప పెరగరు. పాత కోడ్ ఏం చేస్తోందో చదివి చెప్పగలిగినవాళ్లు ఉండగానే దాన్ని తిరిగి రాయాలి. లేకపోతే శాసనం ఉండి, లిపి తెలిసినవాడు లేనట్టవుతుంది.

గడువు కూడా ఇంచుమించు తెలిసిందే. పై 4 బోర్డును కనీసం 2034 జనవరి వరకు తయారుచేస్తూ ఉంటామని దాని తయారీదారు ప్రకటించారు. వైఫై అనే ఒక్క కోరిక తీరడానికి ఎనిమిదేళ్లు పట్టిన చోట, కెర్నల్‌కు మిగిలింది కూడా దాదాపు అంతే.